ఆగిన బండిలో ఎక్కే వేడి: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఏళ్ల తరబడి వాడాక

వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న బ్లూటూత్ ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించే ఏర్పాటు) స్కానర్ గురించి రాస్తున్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్‌కి కలిపితే, ఇంజిన్ కంప్యూటర్ ఏ అంకెలు చూస్తోందో అవి మనకీ కనిపిస్తాయి. చాలామంది చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు లోపం కోడ్ చదవడానికి కొంటారు. నేను కొన్నది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడిని డిగ్రీల్లో చూడ్డానికి. ఇప్పటికీ ఎక్కువగా దానికే వాడుతున్నాను.

డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అని అడుగుతారు. ఈ రోజుల్లో చాలా బండ్లలో ఆ ముల్లు ఉన్నది ఉన్నట్టు చూపించదు. ఇంజిన్ సుమారు 75 డిగ్రీల నుంచి 105 దాకా ఎక్కడున్నా అది మధ్యలోనే నిలబడేలా కంపెనీలే పెడతాయి. కదిలితే డ్రైవర్ కంగారు పడతాడని. ఇంకా కొత్త బండ్లలో ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఆ ఎర్ర లైటు వచ్చేసరికి ఇంజిన్ పై భాగమైన హెడ్ వంగే ప్రమాదం దాకా వచ్చేసినట్టే.

మా బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎండాకాలం ఏసీ వేసుకుని హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే కాసేపటికి గాలిలో చల్లదనం పోయేది. మెహిదీపట్నం దాటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ వైపు సాగితే మళ్లీ మామూలే. ముల్లు మాత్రం కదిలేది కాదు. షెడ్డుల్లో చూపిస్తే ఒకరు వాటర్ పంప్ అన్నారు, ఒకరు రేడియేటర్ మార్చాలన్నారు, ఇంకొకరు హెడ్ గ్యాస్‌కెట్ అన్నారు. ఎవరూ కొలిచి చెప్పలేదు.

స్కానర్ పెట్టాక మొదటి సాయంత్రమే విషయం సగం తేలిపోయింది. ఎక్స్‌ప్రెస్‌వే మీద 88, 90. ఇంటి ముందు ఆపి, ఏసీ కట్టేసి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చూస్తే అంకె నెమ్మదిగా పెరిగి 97 దగ్గర ఫ్యాన్ తిరిగిన చప్పుడు వినిపించింది. బాగున్న బండిలో ఫ్యాన్ అందుకున్నాక ఒకటి రెండు నిమిషాల్లో నాలుగైదు డిగ్రీలు దిగాలి, ఫ్యాన్ ఆగాలి. మాది దిగలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అంకె 99, 101, 104 అంటూ పైకే పోయింది. మర్నాడు ఏసీ వేసి చూస్తే 107 దగ్గర కంప్రెసర్ దానంతట అదే ఆగిపోయింది. ఏసీ చల్లదనం ఎందుకు పోతోందో అప్పుడు అర్థమైంది. ఇంజిన్‌ని కాపాడుకోవడానికి కంప్యూటరే దాన్ని ఆపేస్తోంది.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పరికరం వాడకమంతా ఇందులోనే ఉంది. బండి పరిగెడుతుంటే రేడియేటర్‌కి గాలి ఎదురుగా వచ్చి తగులుతుంది, ఫ్యాన్‌తో పెద్ద పని ఉండదు. ఆగినప్పుడు గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. కాబట్టి ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడితే లోపం గాలి వైపు ఉందని ముందు అనుకోవాలి: ఫ్యాన్, దాని రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చి), ఫ్యూజు, రేడియేటర్ ముందు పేరుకున్న దుమ్ము. అదే ఆగినప్పుడు బాగానే ఉండి, వేగంలో, ఎక్కుడులో పెరిగితే నీటి వైపు చూడాలి: లోపల పూడిన రేడియేటర్, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలేది), అరిగిన వాటర్ పంప్. అంకె ఒక పద్ధతి లేకుండా గబుక్కున పెరిగి గబుక్కున పడిపోతుంటే కూలెంట్ తగ్గిందో, లోపల గాలి బుడగ ఇరుక్కుందో చూడాలి. ఇందులో మినహాయింపులు లేకపోలేదు. పంపు రెక్కలు బాగా తినేసి ఉంటే ఆగినప్పుడు కూడా వేడెక్కుతుంది. కానీ ఏ వైపు ముందు చేయి పెట్టాలో తెలిస్తే డబ్బు చాలా మిగులుతుంది.

మా బండిది గాలి వైపు అని తేలింది కాబట్టి ముందు శుభ్రం చేయించాను. ముందు నుంచి చూస్తే కనబడేది ఏసీ కండెన్సర్, రేడియేటర్ దాని వెనక ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులో వేపాకు, పురుగులు, మెత్తటి దుమ్ము కలిసి గోనెపట్టాలా అట్ట కట్టింది. పైన ఎంత కడిగినా అది పోదు. ప్రెషర్ గన్‌తో దగ్గర నుంచి కొడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి ఇంకా తగ్గుతుంది. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు పోయించాలి. కడిగాక మళ్లీ అదే చోట, అదే వేళకి చూస్తే మూడు నాలుగు డిగ్రీలు మెరుగు. కానీ ఇంకా 97 దగ్గర మొదలై 102 దాకా పోతోంది.

ఇక మిగిలింది ఫ్యాన్. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటర్‌తో ఫ్యాన్ కనెక్టర్ దగ్గర చూస్తే కరెంటు పూర్తిగా వస్తోంది, 13 వోల్టుల పైనే. అంటే ఫ్యూజు, రిలే, వైర్లు బాగానే ఉన్నాయి. మోటారే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి నీరసంగా తిరుగుతోంది. చప్పుడు వినిపిస్తుంది కాబట్టి అందరూ ఫ్యాన్ బాగుందనే అనుకున్నారు. రాణిగంజ్‌లో మోటారు తెచ్చి వేయించాక 97కి అందుకుని 92కి ఆగడం మొదలైంది. బయట 42 డిగ్రీలున్న మే మధ్యాహ్నం ఏసీతో నిలబెట్టినా 98 దాటలేదు. చెప్పిన రేడియేటర్ మార్పు, పంపు మార్పు ఏదీ అవసరం పడలేదు.

ఒక సంగతి గమనించండి. ఇంత జరిగినా స్కానర్‌లో ఒక్క కోడ్ కూడా రాలేదు. కంప్యూటర్ రిలేకి ఆజ్ఞ ఇస్తుంది తప్ప, మా బండిలో ఫ్యాన్ నిజంగా ఎంత వేగంతో తిరిగిందో దానికి తెలిసే దారి లేదు. వైరు తెగితేనో రిలే సర్క్యూట్ పోతేనో పీ0480 లాంటి కోడ్ వస్తుంది. నీరసమైన మోటారుకి కోడ్ ఉండదు. "స్కాన్ చేశాం, ఏమీ లేదు" అని షెడ్డులో చెబితే బండి బాగున్నట్టు కాదు. అంకె ఎలా కదులుతోందో చూశారా అని అడగండి.

ఈ పరికరం నాకు చేసిన ఇంకో మేలు: థర్మోస్టాట్ వాల్వ్ తీయించకుండా ఆపింది. హైదరాబాద్‌లో వేడి అనగానే చెప్పే మందు ఇదే. "వాల్వ్ తీసేసి ఫ్యాన్ డైరెక్ట్ చేద్దాం సార్, ఎప్పటికీ సల్లగుంటది" అంటారు. డైరెక్ట్ అంటే ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండేలా కలపడం. వాల్వ్ తీయించుకున్న స్నేహితుడి బండిలో నా స్కానర్ పెట్టి చలికాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద చూశాం. అంకె 70 దాటడం లేదు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చెమ్మ ఆవిరైపోదు. అక్కడ కోడ్ మాత్రం చక్కగా వచ్చింది, పీ0128 అని. ఆగినప్పుడు వేడెక్కే బండికి వాల్వ్ తీయడం వైద్యమే కాదు, గట్టిగా చెబుతున్నాను.

మా బావమరిది బండి దీనికి తలకిందులు. కూకట్‌పల్లి సిగ్నళ్లలో 93, ఔటర్ మీద వందలో పోతే 105. ఏళ్లుగా బోరు నీళ్లు పోసిన బండి అది. మన నగరం బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పేరుకుపోతుంది. రేడియేటర్ మార్చి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయించాక సరిపోయింది. పోసిన వెంటనే రెండు రోజులు అంకె ఊగింది, గాలి తీయించాక నిలబడింది.

లోపాలు కూడా చెప్పాలి. బండి ఆపినా ఆ సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. స్కానర్ అలాగే వదిలేసి ఊరికి పోతే తిరిగొచ్చేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. వాడి, పీకి, డాష్‌బోర్డు అరలో పెట్టుకోవాలి. మార్కెట్లో దొరికే చవక రకాలు దాదాపు అన్నీ ఈఎల్ఎం327 చిప్‌కి నకళ్లే. పెట్టె మీద వేసిన వెర్షన్ అంకెను నమ్మకండి, మీ బండికి కలిసి అంకెలు తడబడకుండా వస్తున్నాయో లేదో చూసి, తిరిగి తీసుకునే చోటే కొనండి. ఐఫోన్ ఉన్నవాళ్లు పాత బ్లూటూత్ రకం కొంటే పనిచేయదు, బ్లూటూత్ ఎల్ఈ రకమో వైఫై రకమో కావాలి. యాప్‌లలో టార్క్, కార్ స్కానర్ రెండూ వాడాను. గ్రాఫ్ దాచుకోవడానికి కార్ స్కానర్ నాకు బాగా నప్పింది. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో ఓబీడీ-2 ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. అంతకు ముందు బండ్లయితే ముందు ఎవరిదైనా అడిగి పెట్టి చూడండి.

ఇంకా ముఖ్యమైనది: ఈ అంకె సెన్సార్ చెప్పే మాట. కూలెంట్ బాగా కారిపోతే సెన్సార్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉండిపోతుంది, ఇంజిన్ మాడుతున్నా అంకె తక్కువ చూపించవచ్చు. అందుకని పొద్దున చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూడటం మానకూడదు. మైనస్ 40 కనిపిస్తే సెన్సార్ వైరు ఊడిందని అర్థం. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి. ఆ మూత లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు వంద దాటినా మరగవు. తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి లేస్తాయి. ఫ్యాన్ దగ్గర వేలు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త, కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా అది తిరుగుతుంది.

ఏసీతో సిటీ ట్రాఫిక్‌లో తిరిగే పాత బండి ఉన్న ప్రతివాళ్లకీ ఇది కొనమనే చెబుతాను. నేను ప్రతి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బండి ఆపి ఉంచి, 97 నుంచి 92కి దిగడానికి ఎంతసేపు పడుతోందో రాసిపెట్టుకుంటాను. ఈ ఏడాది నిరుటికంటే కాస్త ఎక్కువ పట్టింది. కండెన్సర్ వెనక మళ్లీ కడిగించాలి.