పాత సంతమిట్ట మీద మూడేళ్లు: నా మెటల్ డిటెక్టర్ అనుభవం

ఈ మిషను కొనేటప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న "ఎంత లోతు పట్టుకుంటుంది?" అని. మూడేళ్లు వాడాక చెబుతున్నాను, మన పాత సంతల్లో నాణేలు వెతికేవాళ్లకు ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. నాకు దొరికినవాటిలో ముప్పావు వంతు జానెడు లోతులోపే ఉన్నాయి.

నాది 6.5 కిలోహెర్ట్జ్ మీద నడిచే మామూలు రకం. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే నాకు నాలుగైదు ఆదివారాలు వస్తాయి. తిరుపతి నుంచి బైకు మీద పూతలపట్టు వైపు మా మామ వాళ్ల ఊరికి పోతాను. ఊరి బయట సంతమిట్ట అంటారు, ఒకప్పుడు వారం వారం సంత జరిగిన చోటు. సంత రోడ్డు పక్కకు మారిపోయి చాలా కాలమైంది. ఇప్పుడది మామ వాళ్ల మామిడితోపు, అన్నీ బెంగుళూరా చెట్లే.

మన ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. సెన్సిటివిటీ, అంటే మిషను ఎంత చిన్న సంకేతానికి పలకాలన్నది, పూర్తిగా పెడితే మిషను ఊరికే కీచుమంటూనే ఉంటుంది. నా దాంట్లో గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఇనుము శబ్దాన్ని మిషను పట్టించుకోకుండా చేసే సర్దుబాటు, కంపెనీ పెట్టిందే, మనం మార్చుకునే వీల్లేదు. మొదటి రెండు నెలలు ఆ గోలతోనే విసిగిపోయాను. సెన్సిటివిటీ సగానికి తగ్గించాక గానీ అసలు శబ్దం ఏదో, నేల చేసే శబ్దం ఏదో తెలియలేదు. లోతు కొంచెం పోయింది, పోనీ అనుకున్నాను.

ఇంకో తిప్పలు, కింద ఏముందో చూపే తెర మీద గుర్తులు. అవి అమెరికా నాణేలకు వేసినవి. మన రాగి కాణీలు మంచి గంట శబ్దం ఇస్తాయి, అంతవరకు బాగుంది. అంచు వంపులు వంపులుగా ఉండే పాత అణా బిళ్ల మాత్రం రాగి, నికెల్ కలిసిన లోహం కాబట్టి డబ్బా మూత రింగులు పలికే చోటే పలుకుతుంది. "కాయిన్స్" మోడ్‌లో పెడితే మిషను దాన్ని చెత్త కింద వదిలేస్తుంది. నేను ఏడాది పాటు అలాగే తిరిగాను. ఏ లోహాన్నీ వదలని ఆల్ మెటల్ మోడ్‌లోకి మారాక, అంతకుముందు పది సార్లు నడిచిన చోటే మూడు అణాలు దొరికాయి. ఆ రోజు పడిన బాధ ఇంకా పోలేదు. దానికి తోడు సోడా మూతలు. ఇనుమే అయినా ఒక్కోసారి గంట కొట్టి మోసం చేస్తాయి. కాయిల్‌ను, అంటే నేల మీద ఊపే పళ్లేన్ని, పక్కకు జరిపి, అడ్డంగా ఇంకోసారి ఊపితే శబ్దం తెగిపోతుంది. నాణెం అయితే ఎటు నుంచి ఊపినా ఒకేలా పలుకుతుంది.

ఎక్కడ వెతకాలో మిషను చెప్పదు, మామ చెప్పాడు. "ఎడ్లు కట్టింది అక్కడ, బొరుగులమ్మేవాళ్లు ఇక్కడ కూచునేవాళ్లు, డబ్బులు చేతులు మారింది ఈ చింతచెట్టు కిందరా" అన్నాడు. చెట్టు ఇప్పుడు లేదు, మొద్దు ఉంది. ఆ మొద్దు చుట్టూ పది అడుగుల్లోనే చిల్లు కాణీ దొరికింది. వేలి గోరుతో మట్టి తీస్తే ముందు కనపడింది ఆ గుండ్రటి బెజ్జమే, దాంట్లో ఒక గడ్డి వేరు దూరి ఉంది. 1944. యుద్ధంలో రాగికి కరువొచ్చి, 1943 నుంచి నడిమధ్య చిల్లు పెట్టి వేసినవి. బరువు రెండు గ్రాములు. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు ఇలాంటిదే మొలతాడుకు కట్టారట.

ఒక్క తప్పు మాత్రం మీరు చెయ్యొద్దు. మొదట్లో 1835 ఈస్టిండియా కంపెనీ పావు అణా దొరికితే, ఇంట్లో రాగి చెంబు తోమినట్టు చింతపండుతో తోమేశాను. తళతళలాడింది గానీ, దాని మీది ముదురు రంగు పొర, దాంతో పాటు అక్షరాల అంచులు పోయాయి. ఇప్పుడు మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మట్టి తీసి ఆపేస్తున్నాను.

మన దగ్గర మిషను పట్టుకుని కనపడితే గుప్తనిధుల ముఠా అనుకుంటారు. రెండో నెలలో పక్క ఊరి కుర్రాళ్లు చుట్టుముట్టారు, బాగా టెన్షన్ పడ్డాను. మామ వచ్చి చెప్పాక వదిలారు. ఆ తర్వాత చేను వాళ్ల అనుమతి లేకుండా, ఊళ్లో ఇద్దరు పెద్దలకు చెప్పకుండా గుంత తియ్యలేదు. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నాణేల కుండ లాంటిది తగిలితే తవ్వడం అక్కడే ఆపండి. చంద్రగిరి కోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర మిషను బ్యాగులోంచి తియ్యనే వద్దు.

అక్టోబరు, నవంబరు వానల తర్వాత నేల పదునుగా ఉన్నప్పుడు శబ్దం స్పష్టంగా వస్తుంది, తవ్వడమూ తేలిక. ఎండాకాలం గడ్డపార కూడా దిగదు. కాయిల్ తడిసినా ఫరవాలేదు, పైన తెర ఉండే బాక్స్ తడవకూడదు. నేను దానికి పాలిథిన్ కవర్ కడతాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఈ తరగతి మిషనే కొంటాను, కాకపోతే గ్రౌండ్ బ్యాలెన్స్ మనమే మార్చుకునేది, చిన్న కాయిల్ ఉన్నది. చెత్త మధ్యలో నాణేన్ని విడిగా పట్టేది చిన్న కాయిలే. సంతమిట్టలో ఇంకా ఎడ్లు కట్టిన వైపు మొత్తం మిగిలే ఉంది.