ముసలి పిల్లికి ఇంట్లోనే సెలైన్: ఏ సెట్టు, ఏ సూది?

కిడ్నీలు దెబ్బతిన్న ముసలి రెస్క్యూ పిల్లిని దత్తత తెచ్చుకుంటే, డాక్టర్లు తరచూ రాసేది చర్మం కింద ఎక్కించే ఫ్లూయిడ్. దానికి కావలసినవి మూడే: 500 ఎంఎల్ ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్, ఐవీ సెట్ (బాటిల్ నుంచి సూదికి వెళ్లే గొట్టం), సూదులు. అన్నీ మామూలు మందుల షాపులో దొరికేవే. అయితే సరైనవి తెస్తేనే పిల్లి కుదురుగా కూర్చుంటుంది. లేదంటే రెండో రోజు సెట్టు చూడగానే మంచం కింద దూరుతుంది.

షాపులో ఉత్తినే 'సెలైన్' అని అడక్కండి. ఒక్కోసారి డీఎన్‌ఎస్ అనే ఇంకో రకం చేతిలో పెడతారు. అందులో గ్లూకోజ్ ఉంటుంది, చర్మం కింద అది వద్దు. లేబుల్ మీద ఆర్‌ఎల్ అని చూసుకున్నాకే డబ్బులివ్వండి.

చిన్న ప్రాణి కదా అని మైక్రో డ్రిప్ సెట్ ఇవ్వబోతారు. 60 చుక్కలు పడితే గానీ ఒక ఎంఎల్ పోదు, అంతసేపు ఏ పిల్లీ ఆగదు. 20 చుక్కలకు ఒక ఎంఎల్ పోసే పెద్దల సెట్టే తీసుకోండి. గాలి రంధ్రం ఉన్నదైతే మేలు, లేకపోతే బాటిల్ లోపలికి నొక్కుకుపోయి ధార సన్నబడుతుంది.

అసలు తేడా సూదిలో ఉంది. గేజ్ అంటే సూది లావు కొలత, అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. నీలం రంగు 23 గేజ్ సన్నగా ఉంటుంది, గుచ్చినప్పుడు నొప్పి తక్కువే, కానీ ధార మరీ నెమ్మది. గులాబీ రంగు 18 గేజ్‌తో నిమిషాల్లో అయిపోతుంది, పోటు మాత్రం గట్టిగా తగులుతుంది. పసుపు 20, ఆకుపచ్చ 21 గేజ్‌లకే మా ఓటు. కదిలే పిల్లికి ఆకుపచ్చ స్కాల్ప్ వెయిన్ సెట్ (రెక్కలున్న, గొట్టం అతికిన సూది) ఇంకా నయం: మధ్యలో మెత్తటి గొట్టం ఉండటంతో పిల్లి పక్కకు జరిగినా సూది ఊడదు. ఏదైనా ఒక్కసారికే. రెండోసారికి మొన మొద్దుబారుతుంది.

బాటిల్‌ని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, ఒక చుక్క మణికట్టు మీద వేసుకు చూడండి. మైక్రోవేవ్ వద్దు. పిల్లికి మూడడుగుల ఎత్తున కిటికీ ఊచకు తగిలించి, గొట్టంలో గాలి పోనిచ్చి, భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా లేపి, దాని మొదట్లో సూదిని వీపుకి సమాంతరంగా దించాలి. బొచ్చు తడిసిందంటే సూది అవతలికి వచ్చేసినట్టు. ధార ఆగితే సూదిని కొంచెం తిప్పండి, లేదా కాస్త వెనక్కి లాగండి.

ఎంత పోయిందో బాటిల్ గీతలు సరిగా చెప్పవు, ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది కాబట్టి. వంటింటి తూకం మీద ముందూ వెనకా తూచండి: 100 గ్రాములు తగ్గితే దాదాపు 100 ఎంఎల్ పోయినట్టే. మోతాదు మాత్రం డాక్టర్ చెప్పిందే.

ఎక్కించిన చోట ఉబ్బు ముందుకాలి వైపు జారడం మామూలే. మర్నాటికీ కరగకపోతే తర్వాతి డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ముసలి పిల్లుల్లో గుండె జబ్బు బయటపడకుండా ఉండొచ్చు, అలాంటి పిల్లికి ఫ్లూయిడ్ ఎక్కువైతే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. అందుకే మొదలుపెట్టే ముందే గుండె పరీక్ష అడగండి. నిద్రలో శ్వాసలు లెక్కపెట్టండి, నిమిషానికి 30 దాటితే ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి.

మొదటిసారి డాక్టర్ కళ్లముందే మీ చేత్తో గుచ్చి చూడండి. వాడిన సూదుల్ని మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆ క్లినిక్‌లోనే ఇచ్చేయండి.