దసరా సెలవుల్లో అరకు: మూడు తరాలు కలిసి వెళ్లేవాళ్ల కోసం

దసరాకి రెండు మూడు కుటుంబాలు కలిసి బయల్దేరాలంటే ముందు గుర్తొచ్చే పేర్లలో అరకు ఒకటి. వానలు వెనక్కి తగ్గే రోజులు, కొండలన్నీ పచ్చగా ఉంటాయి, జలపాతాల్లో నీళ్లు నిండుగా ఉంటాయి. పండగంటే పిండివంటల దగ్గరే నిలబడిపోయే అమ్మకి, మనవల్ని పెంచి పెద్దచేసిన అమ్మమ్మ తాతయ్యలకి, ఆపద వేళ పిలవకుండానే వచ్చే స్నేహితులకి మన మనసులో మాట చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి వీలుండదు. ఆ మాట నోటితో చెప్పడం కన్నా గది ఎంపికలో, సీటు ఎంపికలో, ఎవర్ని ఎక్కడ దింపాలన్న నిర్ణయంలో కనిపించాలి. అందుకే ఇక్కడ ప్రతి చోటునీ ‘ఇది ఎవరికి బాగుంటుంది’ అన్న లెక్కతోనే తూచాం.

మొదట తేదీలు. విజయదశమి దాటాక వచ్చే శని, ఆదివారాల్లో అరకు వైపు వెళ్లకపోతే మేలు. ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, బొర్రా గుహల టికెట్ల దగ్గర క్యూ పెరుగుతుంది, గదుల అద్దెలు కూడా పెరుగుతాయి. సెలవులు మొదలైన తొలి వారంలో సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లొస్తే, దుర్గాష్టమి నాటికి పెద్దవాళ్లు ఇంటి దగ్గర ఉంటారు, ఆయుధ పూజ, జమ్మి పూజ తప్పిపోవు. పూజ వదులుకుని వచ్చిన పెద్దావిడకి ఎంత అందమైన లోయ చూపించినా మనసు ఇంటి మీదే ఉంటుంది.

వలిసె అనే నూనెగింజల పంట పూలతో పసుపు రంగులో మెరిసే పొలాల కోసమే వెళ్లేవాళ్లు మాత్రం పంచాంగం చూసుకోవాలి. ఆ పూత ఎక్కువగా అక్టోబరు చివర మొదలై నవంబరు, డిసెంబరు దాకా ఉంటుంది. దసరా ముందుగా వచ్చిన ఏడాది పొలాలు ఇంకా పచ్చగానే కనిపిస్తాయి. పిల్లలకు పూల ఫొటోలు చూపించి తీసుకెళితే అక్కడ నిరాశే.

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. పెద్దలు, పిల్లలు ఉన్న బృందానికి మా ఓటు దీనికే. పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ స్టేషన్లు దాటి అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. శిమిలిగుడ సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకి చేర్చడానికి 1960లలో వేసిన మార్గం ఇది. ఇప్పటికీ ఖనిజం బళ్ల రద్దీ ఎక్కువ కాబట్టి ప్యాసింజరు మధ్యలో ఆగి దారివ్వడం మామూలే. తిరుగు ప్రయాణానికి దీన్ని నమ్ముకుని, అదే రాత్రి విశాఖలో హైదరాబాదు బండి టికెట్ తీసుకోవడం మంచిది కాదు.

ఈ రైలుకి 2017లో విస్టాడోమ్ బోగీ వచ్చింది. పైకప్పులో అద్దాలు, తిరిగే కుర్చీలు, పెద్ద కిటికీలు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలకు ఈ ఖర్చు పెట్టడం న్యాయం. కుర్చీ సౌకర్యంగా ఉంటుంది, తోపులాట ఉండదు. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, దసరా తేదీలకు త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే స్లీపర్ తీసుకోండి. కుర్రాళ్లకు అదే బాగుంటుంది, తెరిచిన కిటికీలోంచి గాలి తగులుతుంది. లోయ ఎప్పుడూ ఒకే వైపు ఉండదు, సొరంగం దాటేసరికి దృశ్యం మారిపోతుంది. కాబట్టి రెండు వైపులా సీట్లు వచ్చేలా తీసుకుని పెద్దవాళ్లను కిటికీల దగ్గర కూర్చోబెట్టండి. సొరంగాల్లో చేతులు, తల బయట పెట్టకుండా పిల్లల మీద ఒక కన్నేసి ఉంచాలి.

తెల్లవారుజామున విశాఖ చేరే బండి దిగి నేరుగా ఈ రైలెక్కాలన్న ఆలోచన కాగితం మీద బాగుంటుంది. ముందు బండి అరగంట ఆలస్యమైతే మొత్తం ప్రయాణం పోతుంది. ముందు రాత్రి విశాఖలో నిద్రపోవడమే క్షేమం.

రోడ్డు విషయానికి వస్తే, పది పన్నెండు మందికి రెండు కార్లా, ఒక టెంపో ట్రావెలరా అన్నది పెద్ద చర్చ. అందరూ ఒకే చోట కూర్చుని పాటలు, అంత్యాక్షరి కావాలంటే ట్రావెలర్. కానీ శృంగవరపుకోట దాటాక మలుపుల్లో వెనక వరుస బాగా ఊగుతుంది. వాంతులయ్యే పిల్లల్ని అక్కడ కూర్చోబెడితే దారంతా ఆపుకుంటూ పోవాలి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు మీదే చూడమనండి, ఫోను తీసేసుకోండి. కడుపు మాడ్చకూడదు, పూరీలు తినిపించకూడదు. బయల్దేరే గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వాడేవాళ్లు డాక్టరు చెప్పినట్టు ప్రయాణానికి ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు.

బండి మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆగితే అదనమెంత, టోలు, పార్కింగు ఎవరివి అన్నీ ముందే తేల్చుకోవాలి. డ్రైవరుకి పడుకునే చోటు, వేళకు భోజనం చూడటం మన బాధ్యత. మనింటి పిల్లలంతా ఆయన చేతిలో ఉంటారు. సాయంత్రం పొగమంచు దిగాక అనంతగిరి ఘాట్‌లో ప్రయాణం పెట్టుకోవద్దు, చీకటి పడకముందే కిందికి దిగేలా బయల్దేరండి. దిగేటప్పుడు తక్కువ గేరులో రమ్మనండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది.

బసకి పర్యాటక సంస్థ హరిత రిసార్టులు, ప్రైవేటు హోటళ్లు, గుడారాలు ఉన్నాయి. అరకులోని మయూరి రిసార్టు, గిరిజన మ్యూజియానికి దగ్గర కాబట్టి పెద్దలు మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం నడిచి వెళ్లి రావచ్చు. టైడాలోని జంగిల్ బెల్స్ అడవి మధ్యలో ఉంటుంది. పిట్టల మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది స్వర్గం, కానీ అక్కడి నుంచి అరకు చూసి రావాలంటే రోజంతా ప్రయాణమే. పద్మాపురం తోటల్లో చెట్ల మీద కట్టిన గుడిసెలు పిల్లలకు భలే నచ్చుతాయి, నిచ్చెన ఎక్కలేనివాళ్లకు తగవు. గుడారాలు కాలేజీ స్నేహితులకు సరే. అక్టోబరులో రాత్రి వాన పడితే నేల తడిసి పరుపు కిందకి చెమ్మ వస్తుంది, కీళ్లవాతం ఉన్నవాళ్లు పొద్దున్నే లేవలేరు.

ఏ బసయినా ఫోనులో అడగాల్సినవి కొన్నున్నాయి. కింది అంతస్తులో ఎన్ని గదులు ఇస్తారు? వేడినీళ్లు గీజరా, కొన్ని గంటలేనా? కరెంటు పోతే జనరేటరు ఉందా? బాత్‌రూములో వెస్టర్న్ టాయిలెట్ ఉందా? అదనపు పరుపు ఎంత? చాలా కుటుంబాలు లోయ కనిపించే పై గది కోసం పోటీపడి, తీరా అమ్మమ్మ రోజుకి ఆరుసార్లు మెట్లెక్కి దిగాల్సిన పరిస్థితి తెచ్చుకుంటాయి. లోయ బయట ఎటూ కనిపిస్తుంది, పెద్దవాళ్లకు కింది గదే ఇవ్వండి.

బొర్రా గుహల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడ్డ గుహలివి, గోస్తని నదికి వీటితో సంబంధం ఉంది. పైనుంచి చుక్కచుక్కగా కారే నీటిలోని సున్నం పేరుకుని వేలాడే స్తంభాలు, నేల నుంచి లేచే దిబ్బలు తయారయ్యాయి. విలియం కింగ్ 1807లో వీటి గురించి బయటి లోకానికి చెప్పాడంటారు, చుట్టుపక్కల గిరిజనులకు అంతకు ముందు నుంచే తెలుసు. దిగేటప్పుడు ఉత్సాహంగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లకు పరీక్ష. మెట్లు తడిగా ఉంటాయి, గాలిలో ఉక్కపోత, పైన గబ్బిలాలు. రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి, పట్టుచీర కుచ్చిళ్లతో దిగడం ప్రమాదం. మొదటి పెద్ద గుహ దాకా దిగితే చూడాల్సినదాంట్లో సగానికి పైగా కనిపించినట్టే. నిటారుగా ఎక్కే శివలింగం దగ్గరకి అందరూ వెళ్లాల్సిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తోడుగా ఒకరు పైనే ఆగిపోవాలి, ఆ ఒకరు ప్రతిసారీ ఇంటి కోడలే కాకుండా వంతులు వేసుకోండి. బయట కోతులున్నాయి, చేతిలో చిప్స్ ప్యాకెట్ కనపడితే లాక్కుంటాయి. గేటు తెరిచే వేళకే వెళితే జనం తక్కువ.

దగ్గర్లోని కటికి జలపాతం స్నేహితుల సాహసానికి సరిగ్గా సరిపోతుంది. వానల తర్వాత నీళ్లు నిండుగా పడతాయి. గతుకుల దారి కాబట్టి స్థానికుల జీపు మాట్లాడుకోవాలి. ధర మనిషికా, బండికా, అక్కడ ఎంతసేపు ఆగుతారు అన్నది ఎక్కకముందే అడగండి. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు రావద్దు. చాపరాయి దగ్గర నీరు పలకలాంటి రాతి మీద పరుచుకుని పారుతుంది, చూడ్డానికి లోతే లేదనిపిస్తుంది. నాచు మీద కాలు జారితే కిందున్న గుంటలోకి తీసుకుపోతుంది. ముందు రోజు వాన పడితే గట్టు మీద కూర్చుని చూడటమే.

పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కోసం వేకువనే కొండెక్కాలి. అరకు నుంచి పాడేరు దాదాపు 45 కిలోమీటర్లు కాబట్టి కుర్రాళ్లు ముందు రాత్రి పాడేరులో ఉంటే నిద్ర మిగులుతుంది. అయితే మేఘాల సముద్రం చలికాలంలోనే నమ్మకంగా కనిపిస్తుంది. అక్టోబరులో మబ్బు పడితే తెల్లటి మంచు తప్ప మరేమీ ఉండదు, బురదలో దిగడం కష్టం. దసరాకి దీన్ని అదనపు ఆశగానే పెట్టుకోవాలి.

గిరిజన మ్యూజియం, పక్కనే ఉన్న కాఫీ మ్యూజియం సాయంత్రానికి అనువు, పెద్దలకూ పిల్లలకూ సమానంగా నచ్చుతాయి. అనంతగిరి తోటల్లో సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు చూపించండి. అక్టోబరులో కాయలు చాలావరకు పచ్చిగానే ఉంటాయి, కోత నవంబరు నుంచి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనేటప్పుడు చికోరీ ఎంత శాతమో చూసుకోండి, ఫిల్టరులో వేసుకునేవాళ్లకు అదే ముఖ్యం.

బొంగు చికెన్ కళ్ల ముందు కూరించుకుని తినాలి. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో నింపి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ ముప్పావు గంట దాకా కాలుస్తారు. నూనె చుక్క వేయరు, వెదురులోని తేమకే ముక్క ఉడుకుతుంది. బొంగు ఎండుదైతే ముందే మాడిపోయి లోపల పచ్చిగా మిగులుతుంది. ముందే ఉడికించిన కూరను బొంగులో వేడిచేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ముక్క మెత్తగా విడిపోతూ అడుగున పులుసు నీళ్లలా ఉంటే అర్థం అదే. పిల్లలకు కారం తగ్గించి వేరే బొంగు చెప్పండి. కాలే ముప్పావు గంట ముందే లెక్కేసుకుంటే ఆకలితో చిరాకులు రావు.

డబ్బు దగ్గర స్నేహాలు చెడకుండా ఒకే సంచి పద్ధతి మంచిది. గదులు ఎవరివి వాళ్లవి. బండి, టికెట్లు, శాకాహార భోజనం ఉమ్మడి సంచిలోంచి, మాంసం, ఇతర సరదాలు తిన్నవాళ్ల లెక్కలో. రాత్రి పడుకునే ముందు ఒకరు ఫోనులో రాసి అందరికీ పంపాలి. సిగ్నలు చాలాచోట్ల ఉండదు, క్యూఆర్ కోడ్ పనిచేయదు, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. వలిసె పొలంలో ఫొటోకి రైతు అడిగే పది, ఇరవై రూపాయలు బేరమాడకుండా ఇవ్వండి, గట్టు మీదే నిలబడండి. గిరిజన స్త్రీలను ఫొటో తీసే ముందు అడగాలి, వద్దంటే అక్కడితో వదిలేయాలి.

అక్టోబరు తుపాన్ల నెల కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే తాకింది. భారీ వానల్లో కొండచరియలు విరిగి రైలు, రోడ్డు రెండూ ఆగిపోతాయి, అందుకే డబ్బు వాపసిచ్చే గదులే తీసుకోండి, వాతావరణ హెచ్చరిక ఉంటే తేదీ మార్చుకోండి. బీపీ, షుగరు మాత్రలు రెండు రోజులు ఎక్కువగా తీసుకెళ్లండి. అరకులో ఆసుపత్రి ఉంది, పెద్ద వైద్యం కావాలంటే మాత్రం విశాఖ రావాల్సిందే.

తిరిగొచ్చేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె, పసుపు, కాఫీ పొడి కొనొచ్చు. మన తులసికోటకి నీళ్లు పోసి, ఇల్లు కనిపెట్టుకుని ఉన్న పక్కింటివాళ్లకి ఒక సీసా తేనె తప్పక తీసుకోండి. మూత గట్టిగా బిగించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి బట్టల మధ్య నిలువుగా పెట్టాలి, ఘాట్ కుదుపులకు సీసా పక్కకి ఒరిగితే కారిపోతుంది.