అరుదైన సిగార్ పెట్టె కొంటున్నారా? సీల్ నంబరు సరిపోయిందని డబ్బు పంపేయకండి

నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో కొహిబా బెహికే పెట్టె ఒకటి కొన్నాను, పది సిగార్లది. అది నకిలీ అని నాకు ఖాయంగా తెలియడానికి నెలన్నర పట్టింది. పెట్టె మీద సీల్ ఉంది, హోలోగ్రామ్ ఉంది. బార్‌కోడ్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే సరైనదే అని వచ్చింది. అయినా లోపలున్నవి నకిలీవే. ఇలాంటి పెట్టె కోసం మీరూ డబ్బు కూడబెట్టుకుంటూ ఉంటే, పంపే ముందు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

బెహికే గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొహిబా 1966లో క్యూబాలో మొదలైంది. చాలా ఏళ్లు ఫిడెల్ కాస్ట్రోకీ, ఆ ప్రభుత్వం బహుమతిగా పంపే విదేశీ పెద్దలకీ తప్ప బయట దొరికేది కాదు. 1982లో గానీ మార్కెట్లోకి రాలేదు. ఇప్పుడు దొరికే బెహికే వరుస 2010లో వచ్చింది, 52, 54, 56 అని మూడు సైజుల్లో. దాని పేరంతా మెదియో తియెంపో అనే ఆకు మీద నిలబడింది. పొగాకు మొక్క కొసన వచ్చే రెండు చిన్న ఆకులు అవి. అన్ని మొక్కలకీ రావు. ఎండంతా వాటి మీదే పడుతుంది కాబట్టి మందంగా, ఘాటుగా ఉంటాయి. ఆకే తక్కువ కాబట్టి సిగార్లూ తక్కువే.

అంటే అరుదు అన్న మాట అబద్ధం కాదు. ఇబ్బంది అక్కడే ఉంది. అరుదైన వస్తువును మనం ముందెప్పుడూ చేత్తో పట్టుకుని ఉండం. పోల్చి చూసుకోవడానికి మన దగ్గర ఇంకొకటి ఉండదు. నేను బెహికే గురించి గంటలు గంటలు చదివాను, ఫొటోలు చూశాను, కానీ అసలుది ఒక్కసారి కూడా వాసన చూడలేదు. అమ్మేవాడికి నాలాంటివాడే కావాలి.

అతను మాట్లాడిన తీరు చెబుతాను, ఎందుకంటే మీకూ ఇవే మాటలు వినిపిస్తాయి. “సార్, ఇది సిగార్లు సేకరించే ఒక కలెక్టర్ గారి సొంత స్టాక్. పదేళ్లుగా హ్యూమిడార్‌లోనే ఉంది. ఆయనకు ఇప్పుడు అర్జెంటుగా డబ్బు కావాలి, అందుకే ఈ రేటు.” హ్యూమిడార్ అంటే సిగార్లు ఎండిపోకుండా తేమ నిలిపి ఉంచే పెట్టె. రేటు షాపు ధరలో సగానికి కొంచెం పైన. మరీ చవగ్గా చెప్పి ఉంటే అనుమానపడేవాణ్ని. పెట్టె పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి ఒక ఫొటో పంపమన్నాను. “ప్యాక్ చేసేశాం సార్, మళ్లీ విప్పితే తేమ పోతుంది. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, మీరు ముందు అడిగారని ఆపాను” అన్నాడు. ఆ జవాబు దగ్గరే నేను ఆగాల్సింది. ఆ సాయంత్రమే డబ్బు పంపాను.

పెట్టె వచ్చింది. నిగనిగలాడే పెట్టె, వరసగా సిగార్లు, వాటి చుట్టూ నల్లటి కాగితపు బ్యాండ్, కొసన పిలకలా మెలితిప్పిన ఆకు. ఆ క్షణాన నాకు ఏ లోపమూ కనపడలేదు. రెండు వారాలు తేమలో ఉంచి మొదటిది వెలిగించాను.

పొగ రాలేదు. బుగ్గలు నొప్పి పుట్టేలా లాగితే సన్నగా కొంచెం వచ్చింది. ఒక పక్క గబగబా కాలిపోతోంది, రెండో పక్క అంటుకోవడమే లేదు. అరగంటలో నాలుగుసార్లు వెలిగించాను. ముక్కుకు అమ్మోనియా ఘాటు తగిలింది. పొగాకును కుప్పలు వేసి మగ్గబెట్టేటప్పుడు ఆ వాసన పోవాలి. పోలేదంటే ఆకు సరిగా మగ్గలేదని అర్థం. అప్పటికి నాకది తెలియదు, పాత సిగార్ అంటే ఇలాగే ఘాటుగా ఉంటుందేమో అనుకున్నాను.

అమ్మినతనికి మెసేజ్ పెడితే వెంటనే జవాబిచ్చాడు. “మీ హ్యూమిడార్‌లో తేమ ఎక్కువైంది సార్. ఉబ్బిపోతే డ్రా టైట్ అవుతుంది. ఒక నెల అరవై అయిదు శాతం తేమ దగ్గర పెట్టి చూడండి.” అతను చెప్పిన దాంట్లో శాస్త్రం తప్పేమీ లేదు, నిజంగానే తేమ ఎక్కువైతే సిగార్ బిగుసుకుపోతుంది. అందుకే నమ్మాను. తప్పు నాదేనని తేమ కొలిచే మీటర్‌ని కూడా పరీక్ష చేశాను. చిన్న మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడిపి, మీటర్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో ఒక రోజు ఉంచితే లోపల తేమ 75 శాతానికి వస్తుంది. నా మీటర్ 74 చూపించింది. మీటర్ బాగానే ఉంది, హ్యూమిడార్ 67 దగ్గర నిలకడగా ఉంది. అయినా అతని మాట మీద ఇంకో మూడు వారాలు ఓపిక పట్టాను. దయచేసి ఈ మూడు వారాలను గుర్తుపెట్టుకోండి. డబ్బు చెల్లించిన చోట ఫిర్యాదు చేసే గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే దాటిపోయింది.

రెండోదీ అంతే. మూడోదాన్ని వెలిగించలేదు. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, బ్లేడుతో తల నుంచి కాలు దాకా నిలువుగా కోశాను.

మంచి సిగార్ కోస్తే పుస్తకం మడతల్లా ఆకులు కనిపించాలి. లోపల ఫిల్లర్ ఆకులు ఆ చివర నుంచి ఈ చివర దాకా తెగకుండా ఉంటాయి, వాటిని పట్టి ఉంచేలా చుట్టూ బైండర్ ఆకు, పైన కనిపించే ర్యాపర్ ఆకు. నాది కోయగానే పొడి రాలింది. వేలిగోరంత ముక్కలు, నలిగిన తుక్కు, వాటి మధ్య అగ్గిపుల్ల మందాన ఒక ఈనె. ఆకు నుంచి ముందే తీసేయాల్సిన నడి ఈనె అది. పొగను ఆపేసింది అదే. పైనున్న ర్యాపర్ మాత్రం నున్నగా, నూనె మెరుపుతో ఎంత అందంగా ఉందో! తుక్కును బైండర్‌లో బిగించి, మీద మంచి ఆకు ఒక్కటి చుట్టారు. నేను కొన్నది ఆ ఒక్క ఆకు, దాని మీది కాగితం.

తర్వాత మిగిలినవి కొలిచాను. బెహికే 54 అంటే పొడవు 144 మిల్లీమీటర్లు ఉండాలి. 54 అంటే మందం, అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 54, అంటే 21 మిల్లీమీటర్ల పైచిలుకు. నా పెట్టెలో పొడవు 139 నుంచి 146 దాకా ఉంది. చేత్తో చేసింది కదా, తేడాలుంటాయి అంటారు చాలామంది. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఒప్పుకుంటాను, ఏడు కాదు. అచ్చు కొయ్యలో పెట్టి నొక్కి, కొలత చూసి కోసేవాళ్లు అంత తేడా రానివ్వరు. రంగులు కూడా చూడండి. క్యూబాలో పెట్టె సర్దడానికి వేరే మనుషులుంటారు. ఒకే ఛాయవి ఏరి, పక్కపక్కన తేడా కనపడకుండా ముదురు నుంచి లేతకు వరసగా పేరుస్తారు. నా పెట్టెలో కాఫీ రంగు దాని పక్కన ఇటుక రంగుది ఉంది.

ఇక సీల్ సంగతి. వెబ్‌సైట్‌లో నంబరు సరిపోయింది కదా, అసలు పెట్టెలో నకిలీవి నింపారేమో అనుకున్నాను. సిగార్ల విషయంలో నేను గురువుగా చూసుకునే ఒక పెద్దాయనకు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “తమ్ముడూ, ఆ నంబరు ఇంకెవరి దగ్గరా లేదని నీకెలా తెలుసు?” అని. అదే అమ్మకందారు దగ్గర కొన్న ఇంకొకర్ని వెతికి పట్టుకోవడానికి వారం పట్టింది. ఆయన తన సీల్ ఫొటో పంపారు. పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా ఒకటే నంబరు. ఎక్కడో ఒక అసలు పెట్టె నంబరు తీసుకుని ఎన్ని సీళ్లు అచ్చేశారో! ఆ నంబరు అసలుది కాబట్టి వెబ్‌సైట్ సరైనదే అంటుంది. నంబరు తప్పని వస్తే నకిలీ అని తేలిపోతుంది. సరైనదని వస్తే మాత్రం ఏమీ తేలనట్టే.

ఇంత జరిగాక, అసలు బెహికే ఆ ధరకు తగినదేనా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పెద్దాయన అధీకృత డీలర్ దగ్గర కొన్న అసలుది ఒకటి తీశారు. దానితో పాటు దాని ధరలో ఎనిమిదో వంతు కూడా లేని నికరాగువా సిగార్ ఒకటి, నా నకిలీది ఒకటి. బ్యాండ్లు తీసేసి, ఏది ఏదో తెలియకుండా ముగ్గురం మార్చి మార్చి కాల్చాం. నకిలీది రెండు దమ్ముల్లో దొరికిపోయింది. మిగతా రెండింట్లో ఏది గొప్పదంటే ఇద్దరు బెహికే అన్నారు, ఒకరు నికరాగువాది అన్నారు. ఆ ఒకరు ఎవరో కాదు, బెహికే తెచ్చిన పెద్దాయనే.

అసలుది బాగుంది, అందులో అనుమానం లేదు. పొగ చిక్కగా, మెత్తగా నోటినిండా నిలిచింది, చివరి దాకా చేదెక్కలేదు. కానీ ఎనిమిది రెట్లు బాగుందా అంటే నా మనసు ఒప్పుకోలేదు. చేతిపనికి విలువ ఉంది. ఆకును ఆరబెట్టాలి, మగ్గబెట్టాలి, రకాన్ని బట్టి ఏడాది నుంచి రెండు మూడేళ్లు నిల్వ ఉంచాలి. చెయ్యి తిరిగిన మనిషి కూడా రోజుకు వంద సిగార్ల దగ్గరే ఆగుతాడు. ఈ కష్టానికి మామూలు సిగార్ కన్నా నాలుగు రెట్లు ఇవ్వమంటే సంతోషంగా ఇస్తాను. అయితే ఈ కష్టమంతా నికరాగువాదానిలోనూ ఉంది. 1959 విప్లవం తర్వాత క్యూబా వదిలేసిన పొగాకు కుటుంబాలు ఆ చేతిపనిని డొమినికన్ రిపబ్లిక్, నికరాగువా, హోండూరస్‌లకు తీసుకెళ్లాయి. బెహికేలో అంతకు మించి ఉన్నది ఆ రెండు చిన్న ఆకులూ, పేరూ. ఎక్కువ ఖరీదు పేరుదే. 2022లో క్యూబా సిగార్లు అమ్మే హబానోస్ సంస్థ కొహిబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలను ప్రపంచమంతా ఒకే స్థాయికి తెచ్చింది. చాలా దేశాల్లో రేటు ఒక్కసారిగా రెట్టింపు దాటింది. అంతకు ముందు నెల పెట్టెలో ఉన్న ఆకే, అవే చేతులు. పెరిగింది ధర ఒక్కటే, దాంతోపాటు నకిలీ చేసేవాడి లాభం కూడా.

అందుకని, పేరు మోసిన అరుదైనది రుచి చూడాలని కోరిక ఉంటే అధీకృత డీలర్ దగ్గర ఒక్కటి కొనుక్కోండి. విడిగా ఒక్కటి అమ్మని చోట పెట్టె కొనకండి. పాత కలెక్షన్ అన్నవాడు మొదటి బిల్లు చూపించలేకపోతే మాట్లాడటం ఆపేయండి. తేదీ కాగితంతో ఫొటో అడగండి. అందులో పెట్టె అడుగు కూడా కనిపించాలి. క్యూబా పెట్టెల అడుగున సంస్థ పేరు, క్యూబాలో తయారైందన్న మాట, పూర్తిగా చేత్తో చేసిందన్న మాట స్పానిష్‌లో కాల్చిన ముద్రగా ఉంటాయి. గోరు ఆనిస్తే గుంట తగలాలి. నా పెట్టె మీద సిరాతో అచ్చేశారు, గోరు జారిపోయింది. పైన అద్దం మూత ఉన్న కొహిబా పెట్టె ఎవరైనా చూపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, అలాంటివి సంస్థ చేయదు. డబ్బు ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా ఖాతాకు వేయకండి. వచ్చిన రోజే ఒకటి కోసి చూడండి. ఖరీదైనది కోయడానికి ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కానీ మొదటి రోజే కోసి ఉంటే గడువు లోపల ఫిర్యాదు చేసేవాణ్ని.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అసలు సిగార్ కూడా ఒంటికి మంచిది కాదు. పొగ మింగకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. ఇక నకిలీదానిలో ఏ తుక్కు నింపారో, దాని మీద ఏం చల్లారో చెప్పేవాడే లేడు. నేను రెండు కాల్చాను. అందుకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధపడుతున్నాను.

సీళ్ల ఫొటోలు రెండూ పంపాక అమ్మినతను జవాబివ్వడం మానేశాడు, మర్నాడు ఆ ఖాతా కూడా కనిపించలేదు. ఖాతా పేరు మార్చుకుని మళ్లీ వస్తాడు, సీల్ మాత్రం అదే వాడతాడని నా నమ్మకం. మిగిలిన ఆరు సిగార్లు, కోసిన ముక్కలు, పెట్టె దాచి ఉంచాను, ఫిర్యాదుతో పాటు ఇవ్వడానికి. మిగతా కొనుగోలుదారుల కోసం వెతుకుతున్నాం. నిన్న మూడో మనిషి దొరికారు, ఆయన పెట్టె ఇంకా విప్పలేదట. నంబరు చదివి వినిపించమన్నాను. మొదటి నాలుగు అంకెలు చదవగానే మిగతావి నేనే చెప్పాను.