వెయ్యి రూపాయలకి ఏమొస్తుంది? గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చినవాడి రివ్యూ

ఇప్పటిదాకా బిర్యానీలకీ, ఇన్వర్టర్లకీ రివ్యూలు రాశాను, కోర్టుకి రాయడం ఇదే మొదటిసారి. కోర్టంటే మామూలు కోర్టు కాదు, పర్యావరణం కేసులు మాత్రమే చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్. ఢిల్లీలో ప్రధాన బెంచి, భోపాల్, పుణె, కోల్‌కతా, చెన్నైలలో మిగతా నాలుగు, మన రెండు రాష్ట్రాల కేసులు వెళ్ళేది చెన్నైకి. ఐదుకి నాలుగు స్టార్లు. కోసేసిన ఆ ఒక్క స్టారూ ట్రిబ్యునల్‌ది కాదు, ఆర్డర్ ఊరికి చేరాక మొదలయ్యే కథది, దాని సంగతి చివర్లో చెప్తా.

మా ఊరికి కిలోమీటరు కూడా లేని దూరంలో ఒక కంకర క్రషర్ ఉంది. పేరు అనవసరం. ఒకటి ఉన్నన్నాళ్ళు ఎలాగో ఓర్చుకున్నాం, పక్కనే రెండో యూనిట్ పెట్టాక మాత్రం కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తే సాయంత్రానికి ఎర్రటి కాయ మీద బూడిదరంగు పొడి పేరుకునేది. మా అమ్మ ఓసారి తడిగుడ్డ పెట్టి తుడవబోయి, తడి తగిలితే కాయకి మచ్చొస్తుందని మధ్యలోనే ఆపేసింది. యార్డుకి తోలుకెళ్తే వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో రుద్దుకుని, అంటిన దుమ్ము నాకే చూపించి "తాలు కింద వేస్తానయ్యా, ఇష్టమైతే దింపు" అన్నాడు. ఆ రోజు ఆటో కిరాయి కూడా జేబులోంచే పోయింది.

అర్జీలు చాలా ఇచ్చాం. ఏ ఆఫీసో చెప్పను గానీ, ఒకచోట మా అర్జీని "పరిష్కరించబడింది" అని మూసేశారు, ఆ రోజు కూడా మా వాకిట్లో దుమ్ము ఊడ్చుకున్నాం. అప్పుడు మా బాబాయి అన్నాడు, ముందు సమాచార హక్కు కింద ఆ క్రషర్‌కిచ్చిన సీఎఫ్‌వో, అంటే నడుపుకోవడానికి కాలుష్య నియంత్రణ వాళ్ళు షరతులతో ఇచ్చే అనుమతి, దాని కాపీ అడగరా అని. పది రూపాయలు కట్టి అడిగాం, వచ్చింది. చదివితే ముచ్చటేసింది. చుట్టూ గాలికి అడ్డుగోడ, కన్వేయర్ బెల్టులకి రేకులు, నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు, సరిహద్దు పొడవునా మొక్కలు! కాగితం మీదున్న క్రషర్ పక్కన ఇల్లు కట్టుకోవచ్చు. కేసు వేద్దామనుకునేవాళ్ళు అందరికన్నా ముందు సంపాదించాల్సింది ఈ కాగితమే, ఎందుకంటే "దుమ్ము వస్తోంది" అని మనం అంటే అది మన ఏడుపు, "మీరు పెట్టిన ఫలానా షరతు అమలు కావడం లేదు" అంటే అది కేసు.

ఇక ధర. నష్టపరిహారం అడక్కుండా, ఆపించండి, సరిచేయించండి అని మాత్రమే అడిగితే ఫీజు 1000 రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, అదీ వెయ్యికి తగ్గకుండా. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఏమీ లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, కానీ నేను సలహా ఇవ్వను. వ్యవహారమంతా ఇంగ్లీషులో నడుస్తుంది, మన తెలుగు కాగితాలకి అనువాదాలు జతచేయాలి, పేజీల నంబర్ల దగ్గరే సగం జీవితం అయిపోతుంది. మేము ఊళ్ళో చందాలేసుకుని చెన్నైలో తెలుగొచ్చిన ఒక వకీలమ్మని పెట్టుకున్నాం. వాయిదాలు చాలావరకు వీడియోలోనే అయ్యాయి, రైలెక్కింది రెండుసార్లే. (చేపాక్‌లో పాత నవాబుల కలస్ మహల్‌లో ఉంటుంది బెంచి. ఎర్రటి భవనం, ఎదురుగా మెరీనా, కేసు సంగతి ఎలా ఉన్నా చూడ్డానికి వెళ్ళొచ్చు.)

అసలు గండం ఏంటంటే గడువు. 2010 చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లో రావాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, అంతే. పరిహారం అడిగే 15వ సెక్షన్ కింద ఐదేళ్ళు ఉంటుంది గానీ, ఆపించమని అడిగేదానికి మాత్రం ఆరు నెలలే. మనవాళ్ళు అర్జీలు ఇస్తూ, పెద్దమనుషుల్ని కలుస్తూ, సంక్రాంతి వెళ్ళాక చూద్దాం అనుకుంటూ ఆ ఆరు నెలలూ కరగబెట్టేస్తారు. అవతలి వకీలు మొదటి వాయిదాలోనే దీని మీద పడ్డాడు, క్రషర్ వచ్చి ఏళ్ళయింది, ఇప్పుడు గుర్తొచ్చిందా అని. మా అదృష్టం, రెండో యూనిట్‌కి అనుమతిచ్చిన తేదీ మా చేతిలో కాగితం మీద ఉంది, వకీలమ్మ లెక్కంతా అక్కడి నుంచి కట్టింది.

తర్వాత జరిగిందే ఈ సర్వీసులో అసలు సరుకు. తీర్పు కాదు, జాయింట్ కమిటీ. కలెక్టర్ తరఫు మనిషి, కాలుష్య నియంత్రణ వాళ్ళు, ఇంకొందరు కలిసి వెళ్ళి చూసి నివేదిక ఇవ్వాలని ఆర్డర్ వేశారు. ఎన్నేళ్ళు బతిమాలినా జీపు దిగనివాళ్ళు, ట్రిబ్యునల్ అడిగిందనేసరికి మా కల్లం పక్కన మిషన్ పెట్టి 24 గంటలు గాలి కొలిచారు. పీఎం10 అనే సన్న దుమ్ముకి మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, అది దాటిందని వాళ్ళే రాసి, వాళ్ళే సంతకం పెట్టారు. అడ్డుగోడ లేదని రాశారు. మొక్కల దగ్గర "కనిపించలేదు" అని ఒక్క ముక్క. వెయ్యి రూపాయలకి ప్రభుత్వం చేతే ఇది రాయించగలగడం, నా దృష్టిలో, పూర్తి పైసా వసూల్.

ఆర్నెల్లలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసుంది. మాది ఏడాదిన్నర పట్టింది, ఎక్కువభాగం అవతలివాళ్ళు జవాబుకి గడువు అడగడంతోనే సరిపోయింది. కానీ మాకన్నా పాపం పటాన్‌చెరు వాళ్ళని చూడండి. ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలుస్తున్నాయని 1990లో సుప్రీంకోర్టులో వేసిన కేసు, అక్కడి నుంచి హైకోర్టుకీ, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కీ తిరిగి, తీర్పు వచ్చేసరికి 2017. కేసు వేసిననాడు పుట్టిన పిల్లలకి అప్పటికి పెళ్ళిళ్ళయి ఉంటాయి.

కోర్టుకెళ్తే ఏమొస్తుందిలే అన్నప్పుడల్లా మా బాబాయి శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి ఎత్తుతాడు. అక్కడి బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం రోడ్డెక్కితే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో, ట్రిబ్యునల్ రాకముందు ఈ పని చూసిన అప్పిలేట్ అథారిటీ, ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ముందు వచ్చుంటే అంటాడు, అక్కడితో ఆగిపోతాడు, ఇంకేం మాట్లాడడు.

ఎవరూ వెయ్యి కట్టకుండానే కదిలిన సందర్భాలూ ఉన్నాయి. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైతే, మర్నాడే ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని ముందు 50 కోట్లు డిపాజిట్ చేయమంది. అలా సొంతంగా తీసుకునే అధికారం ఉందా లేదా అన్న గొడవని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఉంది అని తేల్చేసింది. మా క్రషర్ లాంటివి పేపర్లో జిల్లా ఎడిషన్ దాటవు కాబట్టి మనమే వెళ్ళాలి.

సోలార్ గొడవలకి మాత్రం ఈ కౌంటర్‌కి రావద్దు. ట్రిబ్యునల్ చూసేది చట్టం షెడ్యూల్‌లో ఉన్న ఏడు చట్టాలే, నీళ్ళు, గాలి, అడవి, ఇలా. కరెంటు చట్టం అందులో లేదు. మా బావమరిది ఇంటిమీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించి నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునీ, మన ప్యానెళ్ళ నుంచి లైనులోకి పంపిన కరెంటునీ రెండూ లెక్కగట్టేది) కోసం నెలల తరబడి ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు, "ఫీజిబిలిటీ చూడాలి", అంటే సాంకేతికంగా కుదురుతుందో లేదో చూడాలి, అంటారు వాళ్ళు. 2024 ఫిబ్రవరిలో మారిన నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు ఆ పరిశీలనే అక్కర్లేదు. ఆ ముక్క రాసి విద్యుత్ వినియోగదారుల ఫోరంలో తెల్లకాగితం మీద ఫిర్యాదు ఇచ్చాడు, ఫీజు లేదు, వకీలు లేడు, విచారణ తేదీకి ముందే మీటర్ బిగించి వెళ్ళారు. దీనికి నేను ఐదు స్టార్లిస్తా.

పెద్దవాళ్ళకీ ఇదే తంతు, రూపాయలు మారతాయంతే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సోలార్, విండ్ కంపెనీలతో పాత ఒప్పందాల రేట్లు తగ్గించాలని బేరానికి దిగింది. హైకోర్టు మధ్యంతరంగా యూనిట్‌కి సోలార్‌కి 2.44 రూపాయలు, గాలి కరెంటుకి 2.43 ఇవ్వమంది, చివరికి 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని తేల్చింది. ఆ రేట్లు ఎక్కువా తక్కువా అన్నది వేరే చర్చ, నాకూ అనుమానాలున్నాయి. కానీ సంతకం పెట్టిన రేటుకే దిక్కులేకపోతే రేపు అప్పు తెచ్చి ప్యానెళ్ళు ఎవడు పెడతాడు?

సరే, ఆ కోసేసిన స్టారు. మా ఆర్డర్‌లో గోడ కట్టాలని, బెల్టులు కప్పాలని, రోజంతా నీళ్ళు చల్లాలని, పర్యావరణ పరిహారం కట్టాలని ఉంది. ఆ డబ్బు ఊరికి రాదు, అది ముందే తెలుసుకోండి, మా వాళ్ళు సగం మంది దానిమీద ఆశ పెట్టుకుని ఇప్పుడు నన్ను తిడుతున్నారు. గోడ లేచింది. రేకులు వచ్చాయి. స్ప్రింక్లర్లు పగలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రాత్రి పదకొండు దాటాక నీళ్ళు ఆగుతాయి, మిషన్ ఆగదు. చూడాల్సినవాళ్ళు పగలే వస్తారు కదా.

ట్రిబ్యునల్ ఆర్డర్‌ని సివిల్ కోర్టు డిక్రీ లాగా అమలు చేయించుకోవచ్చు, దానికి ఎగ్జిక్యూషన్ అప్లికేషన్, అంటే ఆర్డర్ అమలు చేయించమనే దరఖాస్తు, వేయాలి. వకీలమ్మ ఫోన్‌లో "ఊరికే నీళ్ళు చల్లట్లేదు అంటే సరిపోదు బాబూ, తేదీ, టైము పడేలా ఫొటోలు కావాలి" అంది. రాత్రి పన్నెండింటికి అలారం పెట్టుకుని డాబా ఎక్కుతున్నాను. పదకొండు రాత్రులవి ఉన్నాయి, ఇరవై అయ్యాక పంపుతా.