మీథేన్ పనికి పీపీఎల్‌ఎన్ క్రిస్టల్: కొన్నేళ్లు వాడాక

మా ల్యాబ్‌లో మీథేన్‌ను కొలవడానికి 3.3 మైక్రాన్ల కాంతి కావాలి. కొన్నేళ్లుగా ఆ పని చేస్తున్నది మెగ్నీషియం ఆక్సైడ్ కలిపిన పీపీఎల్‌ఎన్ (పీరియాడికల్లీ పోల్డ్ లిథియం నియోబేట్) క్రిస్టల్. పొడవు 50 మిల్లీమీటర్లు, మందం ఒక్క మిల్లీమీటరు. 1064 నానోమీటర్ల ఫైబర్ లేజర్‌తో పంప్ చేస్తే ఆ కాంతి క్రిస్టల్‌లో రెండుగా చీలి 1.57 మైక్రాన్ల సిగ్నల్, మాకు కావాల్సిన 3.3 మైక్రాన్ల ఐడ్లర్ వస్తాయి. ముందే చెప్పేస్తున్నా, మీకు కావాల్సింది 4 మైక్రాన్ల లోపైతే ఇంకో క్రిస్టల్ వెతకక్కర్లేదు.

దీని బలమంతా పోలింగ్‌లో, అంటే క్రిస్టల్ దిశను మధ్యమధ్యలో తిప్పడంలో ఉంది. లిథియం నియోబేట్‌కున్న తరంగదైర్ఘ్యం మార్చే సామర్థ్యాన్ని చెప్పే గుణకాల్లో అతి పెద్దది డి33. మూడు కిరణాల ధ్రువణమూ ఒకే దిశలో ఉంటేనే అది పనికొస్తుంది, మామూలు ఫేజ్ మ్యాచింగ్‌లో (తరంగాల అడుగులు కలిసి సాగేలా చూడటంలో) అది కుదరదు. అందుకే దాదాపు ప్రతి 15 మైక్రాన్లకూ క్రిస్టల్ దిశను తిప్పేస్తారు. భౌతిక శాస్త్రవేత్త బ్లూంబర్గెన్ బృందం 1962లోనే చెప్పిన ఆలోచన ఇది, చేతికొచ్చే క్రిస్టల్‌గా మారడానికి 1990లు రావాల్సి వచ్చింది. కిరణాలు పక్కకు జారిపోవు కాబట్టి 50 మిల్లీమీటర్లూ పని చేస్తాయి.

అలైన్‌మెంట్‌లో నాకు బాగా నచ్చేది ఆ ఎర్ర వెలుగు. పంప్, సిగ్నల్ కలిసి 634 నానోమీటర్ల దగ్గర కాస్త ఎరుపు పుడుతుంది. అది కనబడిందంటే కావిటీ (క్రిస్టల్ చుట్టూ ఉన్న అద్దాల అమరిక) పని మొదలుపెట్టినట్టే, పవర్ మీటర్ వైపు తర్వాత చూసుకోవచ్చు. (లేజర్ కళ్లద్దాలు మాత్రం తీయకండి.)

ఒకే క్రిస్టల్‌లో పక్కపక్కనే చాలా గ్రేటింగులు (దిశ తిప్పే దూరం వేర్వేరుగా ఉన్న వరుసలు) ఉంటాయి. తరంగదైర్ఘ్యం బాగా మారాలంటే గ్రేటింగ్ మార్చాలి, కొద్దిగా మారాలంటే ఓవెన్ ఉష్ణోగ్రత మార్చాలి. ఈ రెండో పనికే ఓపిక కావాలి. వేడిమి మారితే లిథియం నియోబేట్ ముఖాల మీద చార్జ్ పేరుకుంటుంది, అందుకే ఓవెన్‌ను నెమ్మదిగానే ఎక్కించాలి, దించాలి. కరెంటు పోతే టెన్షన్ లేకుండా ఓవెన్‌ను యూపీఎస్ మీద పెట్టుకున్నాం. లేజర్‌కి లేకపోయినా ఫర్వాలేదు, ఓవెన్‌కి ఉండాలి.

ఇక ఇబ్బందులు. మిల్లీమీటరు మందంలో పెద్ద ఎనర్జీ పల్సులు పట్టవు. 4 మైక్రాన్లు దాటాక ఐడ్లర్‌ను క్రిస్టలే మింగేసి వేడెక్కుతుంది. పవర్ మీద ఆశలు కూడా లెక్కలోనే ఉండాలి: 10 వాట్ల పంప్ మొత్తం మారినా 3.3 మైక్రాన్లలో 3.2 వాట్లకు మించి రాదు, మిగతాది సిగ్నల్‌కు పోతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు పంప్, సిగ్నల్, ఐడ్లర్ మూడింటి దగ్గరా క్రిస్టల్ ముఖాల మీది కోటింగ్ ఎంత కాంతిని వెనక్కి తిప్పికొడుతుందో గ్రాఫ్ అడిగి తీసుకోండి. గ్రేటింగుల గురించి అందరూ అడుగుతారు, కోటింగ్ గురించి అడగరు.

6 మైక్రాన్ల వైపు వెళ్లాలని మాకూ ఉంది. సిల్వర్ గాలియం సల్ఫైడ్ అనే క్రిస్టల్‌నైతే 1064తోనే పంప్ చేయొచ్చు, కానీ వేడిని బయటికి పంపలేదు, ముఖాలు త్వరగా దెబ్బతింటాయి. జింక్ జర్మేనియం ఫాస్ఫైడ్ గుణకం పీపీఎల్‌ఎన్‌ను మించింది, వేడినీ తట్టుకుంటుంది. కాకపోతే 1 మైక్రాన్ దగ్గర కాంతిని మింగేస్తుంది. దానికి 2 మైక్రాన్ల హోల్మియం లేజర్ లాంటిది విడిగా కొనాలి. ఆ కొటేషన్ చూసి మా సార్ మాట మార్చేశారు.