కతోలిక, ప్రొటెస్టంట్ బైబిళ్లు: గ్రంథాల సంఖ్య, లేఖనాధికారం
కతోలికుల బైబిలులో 73 గ్రంథాలు, ప్రొటెస్టంటుల బైబిలులో 66 ఉంటాయి. కొత్త నిబంధనలోని 27 ఇద్దరికీ ఒకటే కనుక, తేడా అంతా పాత నిబంధనలోనే ఉంది. ప్రొటెస్టంటుల 66లో లేని మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదుల సేనాని యూదా మక్కబీయుడు, యుద్ధంలో చనిపోయిన తన సైనికుల పాపపరిహారార్థం వెండి పోగుచేసి యెరూషలేముకు పంపుతాడు. మృతుల కోసం ప్రార్థించడానికి కతోలికులు ఈ ఘట్టాన్ని లేఖనాధారంగా చూపుతారు; ప్రొటెస్టంటులకు అది సిద్ధాంతానికి ప్రమాణం కాదు. అయినా ప్రొటెస్టంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథరు 1534 నాటి జర్మన్ బైబిలు నుంచి మక్కబీయుల గ్రంథాలను తీసివేయలేదు, రెండు నిబంధనల మధ్య విడిగా ఉంచాడు. ఈ సంగతి మరచి, లూథరు వాటిని తొలగించాడని వాదించడం ఆయనకు అన్యాయం చేయడమే. నా దృష్టిలో సంఖ్యకన్నా లోతైన భేదం అధికారానిది: విశ్వాస విషయాల్లో లేఖనమే తుది ప్రమాణమని ప్రొటెస్టంటులు అంటారు, కతోలికులు లేఖనాన్నీ, అపొస్తలుల నాటి నుంచి వచ్చిన సంప్రదాయాన్నీ సమానంగా గౌరవించి, వాటికి అర్థం చెప్పే బాధ్యతను శ్రీసభ (కతోలిక సంఘం) బోధనాధికారానికి, అంటే పోపుకూ బిషప్పులకూ, అప్పగిస్తారు.